సందు మొత్తం పట్టిన చిన్న లెన్సు

దా బిడ్డా, ఆ కుర్చీ వదిలేసి నా మంచం మీదికే వచ్చి కూర్చో. ఇంకాస్త దగ్గరికి జరుగు. కుట్టుమిషను సొరుగులో నీకు దొరికిన ఆ ఇత్తడి ముక్కను నా అరచేతిలో పెట్టు. గుండీ అనుకున్నావు కదూ? మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏదో మిలిటరీ కోటు గుండీ అనే అనుకున్నాను. ఇది లెన్సు. మీ తాతయ్య కెమెరాకు తొడిగేది. దీని కడుపులో మా బోయిగూడ సందు మొత్తం పట్టింది. నా కళ్ళతో చూశాను. తలకిందులుగానూ చూశాను, సరిగ్గానూ చూశాను.

నాకు పెళ్ళయి ఏడాది కూడా కాని రోజులవి. పుట్టిల్లు చిలకలగూడ, అత్తిల్లు బోయిగూడ, మధ్యలో ఎంత దూరమని. అయినా పెళ్ళికి ముందు ఆ సందులో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మనిషి చెయ్యి మడిస్తే మోచేయి ఎలా ఉంటుందో ఆ సందు అలా ఉండేది. సరిగ్గా ఆ మోచేతి దగ్గర మా ఇల్లు. కిటికీలో నిలబడితే ఎడమ చేతివైపు సందు పోయి పోయి పెద్ద రోడ్డు మీది నీళ్ళ నల్లా దగ్గర ఆగుతుంది. కుడి చేతివైపు చర్చి గేటు దగ్గర ఆగుతుంది. ఎదురుగా మాత్రం ఎల్లమ్మ ఇంటి గోడ. ఈ మూడూ గుర్తు పెట్టుకో, తర్వాత పనికొస్తాయి.

మీ తాతయ్య జ్ఞానశేఖర్ తిరుమలగిరిలో తెల్ల సిపాయిల చర్చి పాదిరి దొర దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. దొరలు వెళ్ళిపోయిన ఏడాది ఆ పాదిరి తన కెమెరాను ఈయన చేతిలో పెట్టి ఓడ ఎక్కాడు. నల్లటి చిన్న పెట్టె. దానికో చిటికెనవేలి గోరంత కిటికీ. అందులోంచి చూస్తే ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరై కనిపించేవాడు. ఒకడు గట్టిగా, ఇంకొకడు పొగలాగా పలచగా. ముందున్న రింగు తిప్పుతూ ఉంటే ఆ పొగమనిషి మెల్లగా నడిచివచ్చి గట్టిమనిషిలో కలిసిపోయేవాడు. కలిసిన చోట ఆపి మీట నొక్కాలి. మొదటిసారి నాకు చూపించినప్పుడు ఎదురుగా ఉన్నది ఎల్లమ్మ. ఇద్దరు ఎల్లమ్మలు ఒక్కటైపోతుంటే నా ఒళ్ళు జలదరించింది.

ఆ కెమెరాతో ఆయన పెళ్ళిళ్ళకూ, ప్రార్థన కూటాలకూ ఫొటోలు తీసేవాడు. కానీ మా ఇళ్ళు ఎంతెంత ఇళ్ళు? నలుగురిని నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేస్తే వీపుకు గోడ తగిలేది. పెళ్ళికూతురు పడితే పెళ్ళికొడుకు తల్లి పడేది కాదు. డోరమ్మ కొడుకు పెళ్ళిలో అచ్చం అదే జరిగింది. ఫొటోలో ఆమెది ఒక మోచేయి మాత్రమే వచ్చింది. నెలల తరబడి మా గుమ్మం ముందు నుంచి పోతూ మొహం తిప్పుకునేది. అప్పటి నుంచి ఈయనకు వెడల్పు లెన్సు పిచ్చి పట్టింది. వెనక్కి జరిగే పని లేకుండా గదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా పట్టేది కావాలి. అది మా చేతికి అందే ధరలో ఉండాలి.

తిరుమలగిరిలో పర్వతాలు అని ఒకాయన ఉండేవాడు. దొరలు వదిలేసి పోయిన గ్రామఫోన్లు, తోలుపెట్టెలు, గడియారాలు కొని అమ్మేవాడు. పెద్ద కడుపు, దానికంటే పెద్ద నవ్వు. ఒకరోజు పొద్దున్నే రెండు లెన్సులు రుమాల్లో కట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“రెండూ చౌడా అద్దాలే శేఖరన్నా. గోడకు వీపానిచ్చి నిలబడు, అర్ర మొత్తం వస్తది. ఏది మంచిగుందో నువ్వే చూసుకో.”

ఒకటి పెద్దది, పిల్లలు ఆడే బొంగరమంత. దాని ముందు గాజు నెమలి మెడలా నీలంగా మెరిసేది. అటూ ఇటూ తిప్పితే చాలు, గదిలోని వెలుగంతా దాని మీదికే వచ్చి వాలినట్టు ఉండేది. రెండోది ఇదిగో, ఇదే. మసకబారి, అంచున గోరుతో గీకినట్టు ఒక గీత. పెద్దది కొనాలంటే సైకిల్ అమ్ముకోవాలి. చిన్నది మాత్రం మా శక్తిలోనే ఉంది. మీ తాతయ్య కళ్ళు నీలపు గాజు మీది నుంచి పక్కకు పోలేదు.

కానీ బాగోగులు తెలిసేదెలా? ఫొటో తీసి చూడాలంటే ఫిల్ము కావాలి. ఆ రోజుల్లో బయటి నుంచి నిజాం రాజ్యంలోకి సరుకు రావడం లేదు. కిరసనాయిలు లేదు, మందులు లేవు, ఇక ఫిల్ము ఎవరు తెస్తారు? కెమెరాలో ఉన్న రీలు చివర ఒకే ఒక్క ఫొటోకు సరిపడా ముక్క మిగిలింది. దాన్ని పరీక్షకు తగలేయడానికి ఈయనకు చేతులు రాలేదు. రెండూ నీ దగ్గరే పెట్టుకుని తీరిగ్గా చూసుకో, ఒకటి వెనక్కిస్తే చాలు అని చెప్పి పర్వతాలు వెళ్ళిపోయాడు. ఆ తీరిక ఎలాంటి తీరిక అవుతుందో అప్పుడు మాకెవరికీ తెలియదు. రెండు రోజులకే పోలీసు చర్య మొదలైంది.

ఇప్పుడు మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు దేవకృప. పేరుకు తగ్గట్టే దేవుడంటే భయం, మనుషులంటే మాత్రం లేదు. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికే ఆమె మంచంలో ఉంది. బట్టలుతికే బండ దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ముందు గదిలో కిటికీ కిందికి తల పెట్టుకుని పడుకునేది. కిటికీ ఉన్నది నెత్తిమీద, కనపడేది మాత్రం ఎదురు గోడ.

ఆమెకు మేబెల్ అని ఒక్కతే కూతురు, మీ తాతయ్య చెల్లెలు. బేగంపేటలో కరెంటు పని చేసే సదాశివ అనే హిందువుల అబ్బాయిని పెద్దలకు చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు అత్తమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి అందట, నేనే నల్లా దాకా నడిచొచ్చి నిన్ను పిలవాలి, అప్పటిదాకా ఈ సందులో కాలు పెట్టకు అని. కోపం ఏదో ఒకనాటికి చల్లారుతుంది, అప్పుడు తనే వెళ్ళి పిలుచుకు వద్దామని ఆమె లోపల అనుకునే ఉంటుంది. మాట మాత్రం బైబిలు మీద పడింది. ఇంకో మూడు నెలలకు తుంటి విరిగింది. ఇక నల్లా దాకా ఎలా నడుస్తుంది? ఆ తల్లికి పుట్టిన కూతురు కనుక మేబెల్ కూడా ఆ మాట దాటలేదు, రాలేదు. నేను నా ఆడబిడ్డను అప్పటికి చూసిందే లేదు.

పోలీసు చర్య జరిగిన ఆ రోజుల్లో సందులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. విమానాలు వస్తాయని, వెలుగు కనిపిస్తే బాంబులు వేస్తారని అందరూ కిటికీలకు నల్లకాగితం అంటించారు. మేమూ అంటించాం. పట్టపగలు కూడా ఇల్లు చీకటి గుహలా ఉండేది. బేగంపేటలో విమానాలు దిగే మైదానం ఉంది కదా, దాని మీద బాంబులు పడ్డాయని ఒకరు, పడలేదని ఒకరు గోడల మీదుగా చెప్పుకునేవారు. ఏది నిజమో ఎవరికీ తెలియదు. ఎక్కడైనా దడేల్మని చప్పుడైతే చాలు, అత్తమ్మ చీకట్లోంచి ఒకే మాట అడిగేది.

“ఏ దిక్కు?”

అంతే. కూతురి పేరు నోటితో అనేది కాదు. బేగంపేట దిక్కు కాదమ్మా అని ఈయన చెప్పేవాడు. నిజంగా ఏ దిక్కో ఆయనకూ తెలియదు.

ఊరికే కూర్చోలేక ఈయన లెన్సుల మీద పడ్డాడు. గది ఎలాగూ చీకటిగానే ఉంది. అత్తమ్మ తలకు పైన కిటికీకి అంటించిన నల్లకాగితంలో బ్లేడుతో లెన్సు పట్టేంత గుండ్రటి కన్నం కోశాడు. పెద్ద లెన్సు అందులో బిగించి, ఎదురు గోడకు తన పంచె కట్టి చూశాడు. దాని మీద మురికి మరక లాంటి వెలుగు తప్ప ఏమీ రాలేదు. కెమెరాలో ఫిల్ము లెన్సుకు రెండు వేళ్ళ దూరంలోనే ఉంటుంది కదా, బొమ్మ అక్కడే పడుతుందని అప్పుడు తట్టింది. అంత దగ్గరగా కాగితం పెడితే తల దూర్చి చూడ్డానికి సందేది? వెనక నుంచి చూద్దామంటే కాగితం మందం. ఆయన అలా తల గోక్కుంటుంటే నాకు వంటింటి బుద్ధి పుట్టింది. బజ్జీలు పెట్టిన కాగితానికి నూనె అంటితే అవతలి వెలుగు కనిపిస్తుంది కదా. పలచటి కాగితానికి నువ్వుల నూనె రాసి, తుడిచి తెచ్చి, లెన్సు వెనక రెండు వేళ్ళ దూరంలో పట్టుకున్నాను.

ఏం చెప్పను బిడ్డా. కాగితం మీద రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదైన గుండ్రం, ఆ గుండ్రంలో మా సందు. రంగులతో సహా. ఎల్లమ్మ ఇంటి గోడకు వేసిన సున్నం, గోడ మీద ఆరేసిన పచ్చ చీర, ఆ చీర గాలికి కదలడం. బొమ్మ కదులుతోంది. అంతా తలకిందులుగా ఉంది. చర్చి గేటు పైనుంచి వేలాడుతోంది, ఆకాశం కింద పారుతోంది. ఇంతలో ఎల్లమ్మ తలుపు ఓరగా తీసి బకెట్టు నీళ్ళు పారబోసింది. ఆ నీళ్ళు పైకి పారాయి. నా చేతిలోంచి కాగితం జారింది. మళ్ళీ పట్టుకున్నాను. సందు మళ్ళీ వచ్చి నా వేళ్ళ మధ్య కూర్చుంది.

మేమిద్దరం అలా చూస్తూ నిలబడితే, కింద మంచంలోంచి అత్తమ్మ కూడా తల వెనక్కి వాల్చి చూస్తోంది. తలకిందులుగా ఉంది కానీ ఎంత బాగుందో చూడు అని ఈయన నాతో అన్నాడు.

“ఏది తలకిందులు?” అంది అత్తమ్మ. “సక్కగనే ఉన్నది గదా. ఎల్లమ్మ కాళ్ళు కిందికున్నయి, తలకాయ మీదికున్నది.”

“లేదమ్మా, కెమెరాల బొమ్మ తలకిందులే పడ్తది.”

“మీ ఇద్దరికి ఏదో అయింది. జెర బువ్వ తిని పండుకోండ్రి.”

ఇంత భయంలోనూ వాళ్ళు వాదించుకున్నారు. పాపం తల్లికి మతి చలించిందని ఈయన మొహం దిగాలు పడింది. నాకెందుకో అనుమానం వచ్చింది. కాగితం ఆయనకిచ్చి, మంచం మీద అత్తమ్మ తల పక్కనే నా తల పెట్టి వెల్లకిలా పడుకుని, కిటికీ వైపు కళ్ళు పైకెత్తాను. సందు సరిగ్గా ఉంది. ఆకాశం పైనే, నేల కిందే, చర్చి కుడి చేతివైపే. నిలబడ్డవాళ్ళకు తిరగబడి కనిపించేది పడుకున్న మనిషికి తిన్నగా కనిపిస్తోంది. రెండేళ్ళుగా మంచంలో ఉన్న మనిషి కోసమే దేవుడు ఈ ఏర్పాటు చేసి పెట్టాడా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. అత్తమ్మకు చిన్నప్పటి నుంచీ దూరపు చూపు లేదు. ముక్కుకు ఆనించి సూదిలో దారం ఎక్కిస్తుంది కానీ, పది అడుగుల అవతల మనిషి ఎవరో తెలిసేది కాదు. కళ్ళద్దాలు ఎవరూ పెట్టించలేదు. కాగితం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది.

“గా కొసకు నల్లా ఉన్నది. దాని మీద కాకి కూసున్నది,” అంది మెల్లగా. “నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఉన్న. ఈడికెళ్ళి నల్లా కనపడ్తదని నాకు తెల్వనే తెల్వదు.”

అది చిన్న లెన్సు పెట్టినప్పటి మాట. ఆ రోజుల్లో ఈయన రెండింటినీ ఎన్నిసార్లు మార్చి మార్చి పెట్టాడో. పెద్దది పెడితే బొమ్మ దీపం వెలిగించినట్టు ఉండేది, కానీ వెలుగంతా నడిమధ్యనే. అంచులకు పోయేసరికి నల్లా, చర్చి గేటు తడిచేత్తో తుడిచిన ముగ్గులా అలుక్కుపోయేవి. చిన్నది పెడితే మసక. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. ఆగితే మాత్రం అంచు దాకా ప్రతి రాయీ గీత గీసినట్టు కనిపించేది. పెద్దదాని లోపల వెలుగును తగ్గించే రేకులు కాస్త మూస్తే అంచులు కుదురుకునేవి కానీ, అప్పుడు అదీ చిన్నదానంత మసకే. అయినా ఆయన మనసు పెద్దదాని మీదే. పెళ్ళిళ్ళు చీకటి గదుల్లో జరుగుతాయి, వెలుగు ముఖ్యం అనేవాడు. సైకిల్ అమ్మడానికి లోపల లోపల సిద్ధపడుతున్నాడు.

శుక్రవారం సాయంత్రం, నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారని సందంతా కేకలు. తెల్లారి శనివారం పొద్దున్నే ఈయన సైకిల్ తీసుకుని బేగంపేట పోయాడు. పది దాటాక ఒక్కడే తిరిగొచ్చాడు. మేబెల్ వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. చుట్టుపక్కల ఇళ్ళూ ఖాళీ. ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. తల్లి దగ్గర అబద్ధం ఆడలేక ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె ఏడవలేదు. నన్ను పిలిచి, ఆ కాగితం పెట్టు అంది.

ఆ మధ్యాహ్నం మన సైన్యం సికింద్రాబాదులోకి వస్తోందని చిన్నా పెద్దా అందరూ పెద్ద రోడ్డుకు పోయారు. ఈయనా పోయాడు. చెల్లెలు ఆ జనంలో కనపడుతుందేమోనని ఆశ. సందులో నేనూ అత్తమ్మా తప్ప ఎవరూ లేరనుకుంటాను. దూరంగా లారీల మోత, జనం కేకలు. కిటికీకి పెద్ద లెన్సు ఉంది. కాగితం పట్టుకుని పట్టుకుని నా చేతులు గుంజుతున్నాయి.

“కాంతం, గది తీసి చిన్నది పెట్టు,” అంది అత్తమ్మ ఉన్నట్టుండి. “నల్లా కాడ ఏదో నల్లగున్నది.”

మార్చాను. ఆమె చూస్తోంది.

“గది నా మేబెల్.”

నేను నిలబడి చూస్తే ఏమీ తెలియలేదు. గబగబా ఆమె పక్కన తల పెట్టి పడుకున్నాను. నల్లా దగ్గర నువ్వు గింజంత మనిషి. దాని మీద ఆవగింజంత నల్ల గొడుగు. ఒక కాలు నల్లా గద్దె మీద, ఒక కాలు కింద. కదలకుండా మా ఇంటి వైపే చూస్తున్నట్టు ఉంది. నీళ్ళ కోసం వంతు కాసేటప్పుడు చిన్నప్పటి నుంచీ ఆమె అలాగే నిలబడేదట. నా ఆడబిడ్డను నేను మొట్టమొదట చూసింది అలా, నూనె కాగితం మీద, నువ్వు గింజంత. బయటికి పరుగెత్తాను. మోచేతి మలుపు తిరిగి నల్లా దాకా పోయేసరికి అక్కడ కాకి తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఈయనకు చెబితే నమ్మలేదు. నాతో చాటుగా అన్నాడు, అమ్మ బెంగతో ఏదో అంటుంది, ఆ చిన్న గాజులో మనిషిని ఆనవాలు పట్టడం ఎవరి తరమూ కాదు, నువ్వెప్పుడూ చూడని మనిషిని నువ్వెలా గుర్తుపడతావు అని. అత్తమ్మ మాత్రం ఒక్కటే అంది. మాట దాటి ఇంట్లోకి రాదు, కానీ నేను బతికున్నానో లేదో చూసిపోవడానికి రేపు కూడా వస్తుంది, మనవాళ్ళంతా చర్చిలో ఉన్నప్పుడు వస్తుంది అని.

ఆదివారం. చర్చి గంట మోగింది, సందంతా చర్చిలోకి పోయింది. ఆరాధన ముగిసే వేళకు పర్వతాలు తన లెన్సు కోసం వచ్చాడు. ఆయన్ను చీకటి గదిలోకి తెచ్చి, ఈయన పెద్దది తనకు, చిన్నది వెనక్కి అని మొదలుపెట్టాడు. అత్తమ్మ మంచం పట్టె మీద చేత్తో కొట్టింది.

“గా మెరిసే దాంట్ల నా బిడ్డ లేదు. చిన్నదే ఉంచు.”

“ఏందవ్వా, అద్దంల బిడ్డ ఏంది?” అని పర్వతాలు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

“నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. శేఖరూ, వచ్చి ఈడ పండుకో. చూడు.”

అంత పెద్ద మీసాల మనిషి మీ తాతయ్య, తల్లి మాటకు మంచం మీద వెల్లకిలా వాలి, ఆమె తల పక్కన తల పెట్టాడు. నేను కాగితం పట్టుకున్నాను. రెండుసార్లు కళ్ళు నలుపుకున్నాడు ఆయన. కళ్ళు చీకటికి అలవాటు పడాలి కదా.

“అమ్మా, కాలు గద్దె మీద పెట్టింది,” అన్నాడు.

లేచి తలుపు వైపు పోబోయాడు. అత్తమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. నువ్వు పిలిస్తే రాదు, నేను దేవుని పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట, నేనే పోవాలి అంది. ఎలా పోతావమ్మా అని ఆయన అడిగాడు. కాళ్ళు పడిపోయిన మనిషిని మంచంతో సహా మోసుకుపోయి ఇంటికప్పు విప్పి యేసయ్య ముందు దించిన సంగతి నీకు బడిలో చెప్పలేదా అని ఆమె ఎదురడిగింది. అంత దూరం కూడా లేదు, కప్పు విప్పే పని కూడా లేదు, నల్లా దాకానే కదా అంది.

అప్పుడే చర్చి వదిలారు. గంట కొట్టే అబ్రహాం ముందుగా బయటికొచ్చాడు. నేను పోయి అతనినీ, ఇంకో ఇద్దరినీ లాక్కొచ్చాను. పర్వతాలు నాలుగో మనిషి. గడపకు మంచం కోళ్ళు తట్టుకున్నాయి, ఎత్తి దాటించారు. ఈయన కూడా భుజం ఇవ్వబోతే అత్తమ్మ వద్దంది. నువ్వు గా కిటికీ కాడ ఉండు, నీ పెట్టె తెచ్చుకో, నా కోసం ఆ ఒక్క ఫిల్ము ముక్కా వాడు అంది. కెమెరాకున్న గోరంత కిటికీలో వెడల్పు లెన్సు చూసేదంతా కనపడదని ఆమెకు తెలియదు. ఈయనకు తెలుసు. కానీ ఇన్ని రోజులుగా ఆ కన్నంలోంచి ఎంత పడుతుందో అంగుళం అంగుళం చూసి ఉన్నాడు కదా. చిన్న లెన్సును కెమెరాకు తొడిగి, అదే కన్నానికి ఆనించి నిలబడ్డాడు.

రెండేళ్ళ తర్వాత అత్తమ్మ బయటికి వచ్చింది. ఆకాశం చూసి కళ్ళు మూసుకుంది. నేను దుప్పటి కప్పుతూ పక్కనే నడుస్తున్నాను.

“సందు గింత పెద్దగున్నదా?” అంది. కాగితం మీద బిళ్ళంత సందుకు అలవాటు పడిన కళ్ళు మరి. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని చిన్నగా అడిగింది, “ఉన్నదా? నాకు కానొస్తలేదు.”

ఎలా కనిపిస్తుంది? ఆ కళ్ళకు పది అడుగుల అవతల అంతా పొగే. చీకటి గదిలో కనిపించిన కూతురు ఎండలో కనపడకుండా పోయింది. ఉంది అత్తమ్మా, గొడుగు ఉంది, మనిషి ఉంది అని చెప్పాను.

మేమెవరమూ అనుకోనిది అప్పుడు జరిగింది. నల్లా దగ్గర ఉన్న మనిషికి కనిపించింది ఏమిటి? పుట్టింట్లోంచి నలుగురు మగవాళ్ళు భుజాల మీద మంచం మోసుకొస్తున్నారు, మంచం మీద మెడ దాకా తెల్లదుప్పటి కప్పిన మనిషి, వెనక చర్చి జనమంతా. మేబెల్ చేతిలోంచి గొడుగు పడిపోయింది. నెత్తిన రెండు చేతులు పెట్టుకుని నల్లా గద్దె మీద కూలబడి గొల్లుమంది. ఆ ఏడుపు వినగానే అత్తమ్మకు దిక్కు తెలిసింది. దుప్పటిలోంచి చెయ్యి తీసి పైకెత్తింది.

“నేనింక సావలేదే. నెత్తి మీది చేతులు తియ్యి. ఇంటికి రా.”

మంచం మోసేవాళ్ళు నవ్వుతో ఊగిపోతే మంచం ఊగింది. పడేస్తారేమోనని నా ప్రాణం పోయింది. మేబెల్ పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని, బయటికి ఎట్ల వచ్చినవే అమ్మా, ఎందుకొచ్చినవే అని అదే అదే అడిగింది. అత్తమ్మ ఆమె మొహాన్ని రెండు చేతులతో తన ముక్కు దగ్గరికి లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత రోడ్డు అవతల ఎవరున్నారని నన్నడిగింది. సైకిల్ పట్టుకుని బక్కగా ఒకతను నిలబడ్డాడని చెప్పాను.

“అల్లుడు గాడనే నిలబడితే సైకిల్ ఎవలన్న ఎత్తుకపోతరు. లోపలికి తెమ్మను.”

అల్లుడు అంది బిడ్డా. అంతకంటే ఇంకో మాట ఆ విషయం మీద ఆమె జీవితంలో మాట్లాడలేదు.

ఫిల్ము కడిగేందుకు మందులు దొరకడానికి ఇంకో నెల పట్టింది. ఫొటో వచ్చిన రోజు మేమంతా దాని చుట్టూ మూగాం. సందు మొత్తం ఉంది. కుడి అంచున చర్చి గేటు, అక్కడి నుంచి చూస్తున్న జనం. నడిమధ్య మంచం, పైకెత్తిన చెయ్యి. ఎడమ అంచున నల్లా, నెత్తి మీద చేతులతో మేబెల్, కింద బోర్లాపడిన గొడుగు. అంచుకు వచ్చేసరికి ఆ లెన్సు మనిషిని కాస్త సాగదీస్తుంది. పుల్లలాంటి సదాశివ అందులో పహిల్వాన్‌లా వచ్చాడు. బతికినంత కాలం అక్కా నేను లావుగా ఉన్న ఫొటో అదొక్కటే అని నవ్వేవాడు. మొహం తిప్పుకున్న డోరమ్మ కూడా ఆ రోజు జనంలో ఉంది, పూర్తిగా పడింది. అప్పటి నుంచి మాట్లాడింది. పర్వతాలు మెరిసేదాన్ని రుమాల్లో కట్టుకుపోతూ, మెరుపు కొనేవాళ్ళు వేరే ఉంటారన్నాడు. సైకిల్ మిగిలింది.

ఆ తర్వాత నల్లకాగితం చింపేద్దామంటే సందులోవాళ్ళు ఒప్పుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అత్తమ్మ పక్కన తల పెట్టి పడుకుని తమ ఇళ్ళు చూసుకుపోయేవారు. పర్వతాలు పడుకుంటే నవారు తెగింది.

ఫొటో మేబెల్ ఇంట్లో ఉండేది, తేమ తగిలి సగం తెల్లబడిపోయింది. ఇప్పుడు ఆ సందులో ఆ నల్లా లేదు, ఎల్లమ్మ గోడ లేదు. మిగిలింది ఈ లెన్సు. తీసుకో, నీదే. కానీ ఊరికే దాచుకోకు. నీ పిల్లలకు చూపించేటప్పుడు గది చీకటి చేసి, పలచటి కాగితానికి నూనె రాసి పట్టుకో. నిలబడి చూసి తలకిందులని పెదవి విరవవద్దని చెప్పు. వాళ్ళను మంచం మీద పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చమని చెప్పి, దేవకృప అనే ముసలమ్మ ఇలా పడుకునే తన కూతుర్ని చూసుకుందని, చూసి ఊరుకోక మంచంతో సహా బయలుదేరిందని చెప్పు. మరిచిపోకుండా చెప్తావు కదూ, బిడ్డా.